ముక్కు నొప్పికి ఏ కోడ్ మేలు: జె34.89? ఆర్51.9?

చెన్నై ఓఎంఆర్ రోడ్డు మీది మెడికల్ కోడింగ్ కంపెనీల్లో (చార్టులో డాక్టరు రాసిన జబ్బుకు ఐసీడీ-10-సీఎం అనే అమెరికా పుస్తకం నుంచి కోడ్ వేసే చోట) కొత్తగా చేరిన మన పిల్లలు ఈ మధ్య పదేపదే అడుగుతున్నారు: అసెస్‌మెంట్‌లో, అంటే చార్టులో జబ్బు తేల్చి రాసే చోట, డాక్టరు "నేజల్ పెయిన్" (ముక్కు నొప్పి) అని రాసి ఊరుకుంటే ఏం వెయ్యాలి?

నొప్పి లక్షణమే కదా అని చాలామంది నేరుగా లక్షణాల కోడ్‌లుండే ఆర్ చాప్టర్‌కి పోతారు. ఆర్51.9లో తలనొప్పితో పాటు "ఫేషియల్ పెయిన్ ఎన్‌ఓఎస్" (ఇంకే వివరం లేని ముఖం నొప్పి) కూడా ఉంది, ముక్కూ ముఖంలోదేగా అనిపిస్తుంది. కోడ్ పుస్తకం ఇండెక్స్‌లో మాత్రం పెయిన్ కింద నోస్ చూస్తే జె34.89 దొరుకుతుంది. చోటు తెలిసిన నొప్పికి ఆ చోటు కోడే వెయ్యాలి. అదేమంత గొప్ప కోడూ కాదు, ముక్కులో రాయి ఉన్నా, మధ్య గోడకు చిల్లు పడినా అందులోకే. అయినా నా ఓటు దానికే. ఎక్కడో చెప్పని నొప్పికి వేసే ఆర్52 ఊసే వద్దు.

అసలు ఎర్రర్లు పడేది జె01.90 (అక్యూట్ సైనసైటిస్) దగ్గర. "ముక్కు నొప్పి, రూల్ అవుట్ అక్యూట్ సైనసైటిస్" అని, అంటే ఆ జబ్బు ఉందో లేదో ఇంకా తేలాలని ఉంటే అవుట్‌పేషెంట్‌లో సైనసైటిస్ వెయ్యకూడదు, జె34.89తో సరిపెట్టాలి. ఇన్‌పేషెంట్ డిశ్చార్జ్‌లో "ప్రాబబుల్" అని ఉంటే మాత్రం జబ్బు ఉన్నట్టే లెక్క. జబ్బు ఖాయమైతే దాని కోడొక్కటే చాలు, నొప్పికి వేరే అక్కర్లేదు.

ఇంకో రకం చార్టు ఉంటుంది. ఎగ్జామ్‌లో "ఎడమ ముక్కుపుటంలో ఎర్రటి వాపు, ముట్టుకుంటే నొప్పి", అసెస్‌మెంట్‌లో ఉత్త నేజల్ పెయిన్. చదివితే సెగ్గడ్డేనని మనకే తెలిసిపోతుంది, చెయ్యి దాని కోడ్ జె34.0 వైపు లాగుతుంది. ఆగండి. డయాగ్నసిస్ చెప్పాల్సింది డాక్టరు, మనం కాదు. క్లయింట్ ఒప్పుకుంటే క్వెరీ (డాక్టరుకు రాసి పంపే ప్రశ్న) పెట్టండి. అందులోనూ "ఇది సెగ్గడ్డేనా?" అని నోట్లో మాట పెట్టకూడదు. వాపు గురించి ఆయన రాసిందే చూపించి, దానికి డయాగ్నసిస్ ఏమిటని అడగాలి. ప్రొడక్షన్ టార్గెట్ ముందు ఇదంతా ఎవరు చేస్తారంటారా? క్వెరీకి తీరిక లేకపోతే జె34.89 వేసి కదలండి, లేని జబ్బు మాత్రం అంటగట్టకండి.

దెబ్బ తగిలిన కేసుకి గాయాల కోడ్‌లుండే ఎస్ చాప్టర్: కమిలితే ఎస్00.33ఎక్స్ఏ, చర్మం చీలకుండా ఎముక విరిగితే ఎస్02.2ఎక్స్ఎక్స్ఏ. రెండూ మొదటి విడత చికిత్సకే.

ఇవన్నీ అమెరికా చార్టులకు. డబ్ల్యూహెచ్‌ఓ ఐసీడీ-10 వాడే ఆసుపత్రి రికార్డుల్లో జె34.8తోనే ఆపాలి, చివరి తొమ్మిది ఆ పుస్తకంలో లేదు.