అవార్డుల పందెం: హీరో మీద కడితే మేలా, పాట మీద కడితే మేలా?

పాలకొల్లులో సినిమా ఊసెత్తకుండా టీ తాగే మనిషి దొరకడం కష్టం. దాసరి నారాయణరావు, అల్లు రామలింగయ్య, కోడి రామకృష్ణ పుట్టిన ఊరు మరి. అవార్డుల సమయం వచ్చిందంటే మా మాటలన్నీ పందేల్లోకి దిగుతాయి. డబ్బు కట్టం. ఓడినవాళ్లు ఆత్రేయపురం పూతరేకులు తేవాలి, అదీ నెయ్యి, బెల్లం, జీడిపప్పు దండిగా వేసినవి. అందుకే ఏ అవార్డు ఎవరికొస్తుందో ముందే పట్టుకోవడం మాకు చాలా ముఖ్యమైన విషయం.

మా దగ్గర చెప్పే జోస్యాలు మూడు రకాలు. కొందరు అభిమానం కొద్దీ చెబుతారు. కొందరు కలెక్షన్లు చూసి చెబుతారు. ఇంకొందరు ఓటు వేసేది ఎవరు, ఎలా వేస్తారు అని ఆరా తీసి చెబుతారు. నా ఓటు మూడోదానికే. అయితే ఆస్కార్‌కి పనికొచ్చే లెక్క ఢిల్లీవాళ్లిచ్చే జాతీయ అవార్డులకి పనిచేయదు. రెండింటికీ ఒకే కొలబద్ద పట్టుకున్నవాళ్లే మా దగ్గర ఎక్కువసార్లు పూతరేకులు తెచ్చారు.

కలెక్షన్ల సంగతి ముందు తేల్చేద్దాం, ఎందుకంటే అందులో చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు. మాలో ఒక మావయ్యగారున్నారు. భీమవరంలో ఏ హాల్లో ఎన్ని ఆటలు హౌస్‌ఫుల్ అయ్యాయో వేళ్ల మీద చెప్పి, "ఇంత డబ్బు చేసిన సినిమాకి ఇవ్వకపోతే ఆ ఢిల్లీవాళ్లకి అన్నం సయిస్తుందా అండీ?" అని నిలదీస్తారు. సయిస్తుందండీ. జాతీయ అవార్డుల జ్యూరీ చూసేది సినిమాని, టికెట్ల లెక్కని కాదు. మావయ్యగారి పద్ధతి కాస్త పనికొచ్చే చోటు ఒక్కటుంది: ఆరోగ్యకరమైన వినోదాన్నిచ్చే జనాదరణ పొందిన సినిమాకి ఇచ్చే అవార్డు. 2021 సినిమాల్లో అది ఆర్ఆర్ఆర్‌కి వచ్చింది. అంతకు చాలా ఏళ్ల ముందు, 1979 సినిమాల్లో శంకరాభరణం కూడా ఆ కోవలోనే గెలిచింది.

అభిమానాన్ని మాత్రం అంత తేలిగ్గా తీసిపారేయలేం. 2023 ఆగస్టు 24న జాతీయ ఉత్తమ నటుడిగా పుష్పకి అల్లు అర్జున్ పేరు చదివారు. తెలుగు నటుడికి ఆ అవార్డు రావడం అదే మొదటిసారి. తీసింది రాజోలు పక్కన మట్టపర్రులో పుట్టిన సుకుమార్. అలాంటప్పుడు కోనసీమ కుర్రాళ్లు చెప్పిన జోస్యం నిజమైతే ఎవరు కాదంటారు? ఆ రోజు మనసుతో చెప్పినవాళ్లు గెలిచారు, లెక్కలేసినవాళ్లు ఓడారు.

అదే రోజు ఇంకో తమాషా జరిగింది. ఉత్తమ దర్శకుడి అవార్డు "గోదావరి" సినిమాకని వార్త వచ్చింది. టీ కొట్టు దగ్గర ఒక్కసారి ఈలలు. మన గోదావరి మీద సినిమాకి అవార్డంటే మాటలా! నిమిషం పోయాక తెలిసింది, అది మరాఠీ సినిమా అని, దర్శకుడు నిఖిల్ మహాజన్ అని, కథ జరిగేది నాసిక్‌లో అని. "నది పుట్టింది అక్కడేగా, మొదటి వాటా వాళ్లది. మనది తర్వాత వస్తుంది లెండి" అన్నారు మావయ్యగారు. ఆయన ఆశ అంత గట్టిది.

ఇంతకీ హీరో మీద పందెం ఎందుకు కష్టమంటే, ఆ కుర్చీకి పోటీ దేశమంతా ఉంటుంది. పైగా చాలాసార్లు కుర్చీలో ఇద్దరిని కూర్చోబెడతారు. 2018 సినిమాలకి ఆయుష్మాన్ ఖురానా, విక్కీ కౌశల్. 2019కి మనోజ్ బాజ్‌పేయీ, ధనుష్. 2020కి సూర్య, అజయ్ దేవ్‌గణ్. 2023కి షారుఖ్ ఖాన్, విక్రాంత్ మాస్సే. ఆ ఆరేళ్లలో ఒంటరిగా తీసుకున్నది ఇద్దరే, అల్లు అర్జున్, రిషబ్ శెట్టి. కాబట్టి "మావాడికే వస్తుంది" అనే బదులు "ఈసారీ ఇద్దరికి పంచుతారు" అని కట్టినవాడికి పూతరేకులు దక్కే అవకాశం ఎక్కువ. ఏ హీరో అభిమానితోనూ గొడవ ఉండదు, అదొక లాభం.

హీరోయిన్ల వైపు చూస్తే మన చరిత్ర ఇంకా పాతది. నిమజ్జనంలో శారద, దాసిలో అర్చన, కర్తవ్యంలో విజయశాంతి, మహానటిలో కీర్తి సురేశ్. వీళ్లంతా తెలుగు సినిమాలకి ఉత్తమ నటి అవార్డు తెచ్చినవాళ్లే. అయినా మా టీ కొట్టులో హీరోయిన్ పేరు మీద పందెం కట్టిన మగాడు కనబడడు. నాకిది బాధ కలిగించే విషయం. నలభై ఏళ్లకు పైగా అవార్డు తెస్తున్నవాళ్లని వదిలేసి, ఒక్కసారి తెచ్చినవాళ్ల మీద అంత నమ్మకం పెట్టుకోవడం న్యాయం కాదు, తెలివీ కాదు.

ఇక పాట. నేను గట్టిగా నిలబడేది ఇక్కడ. అల్లూరి సీతారామరాజులో శ్రీశ్రీ రాసిన పాటకి, మాతృదేవోభవలో వేటూరి రాసినదానికి, ఠాగూర్‌లో సుద్దాల అశోక్‌తేజ రాసినదానికి, కొండపొలంలో చంద్రబోస్ రాసినదానికి, బలగంలో కాసర్ల శ్యామ్ రాసినదానికి సాహిత్యం అవార్డులు వచ్చాయి. శంకరాభరణం, సాగరసంగమం, రుద్రవీణ పాటలకి బాలసుబ్రహ్మణ్యం తెచ్చారు. సితారలో "వెన్నెల్లో గోదారి అందం" పాడి జానకమ్మ తెచ్చారు. గోదారి అన్న మాటే ఉన్న పాటకి జాతీయ అవార్డు వచ్చిందంటే మా వాళ్లకి అంతకన్నా ఏం కావాలి? 2021 సినిమాల్లో పుష్ప పాటలకి దేవిశ్రీ ప్రసాద్, కొమురం భీముడో పాడినందుకు కాలభైరవ, 2023లో బేబీలో పాడిన రోహిత్. ఈ వరసంతా చూశాక కూడా హీరో మీదే కడతానంటే అది అభిమానమే తప్ప జోస్యం కాదు.

ఉత్తమ తెలుగు చిత్రం విషయం మధ్యస్థం. 2018 నుంచి చూస్తే మహానటి, జెర్సీ, కలర్ ఫొటో, ఉప్పెన, కార్తికేయ 2, భగవంత్ కేసరి. కలర్ ఫొటో నేరుగా ఓటీటీలో వచ్చిన చిన్న సినిమా. ఉప్పెన కొత్త హీరో, కొత్త హీరోయిన్, కొత్త దర్శకుడు, కథ మన కాకినాడ పక్కన ఉప్పాడ తీరంలో. చివరిది మాత్రం బాలకృష్ణ సినిమా. కాబట్టి పెద్ద హీరోని పూర్తిగా కొట్టిపారేయకూడదు. కానీ కథ ఎక్కువ మాట్లాడే సినిమా వైపు కట్టడమే నాకు మేలుగా తోస్తుంది.

జాతీయ అవార్డుల్లో ఎక్కువమంది బోల్తాపడేది పేర్ల దగ్గర కాదు, సంవత్సరం దగ్గర. 2025 ఆగస్టు 1న అవార్డులు ప్రకటిస్తుంటే, ముందు డిసెంబరులో వచ్చిన సినిమా పేరు పట్టుకుని పందెం కాసిన తమ్ముళ్లున్నారు. ఆ రోజు ప్రకటించింది 2023 సినిమాలకి. లెక్కలోకి వచ్చేది సినిమా ఎప్పుడు విడుదలైందని కాదు, సెన్సార్ సర్టిఫికెట్ ఏ సంవత్సరంలో వచ్చిందని. హనుమాన్ 2024 సంక్రాంతికి మన హాళ్లలో ఆడింది కదా, యానిమేషన్, విజువల్ ఎఫెక్ట్స్ విభాగంలో దానికి అవార్డు వచ్చింది 2023 జాబితాలో. సంక్రాంతి సినిమాలకి కొన్నిసార్లు డిసెంబరులోనే సెన్సార్ అయిపోతుంది. పండగ సినిమా మీద కట్టేవాళ్లు ముందు సర్టిఫికెట్ మీద తేదీ చూడాలి. తెర మీద మొదట పడేది అదే, ఎవరూ చదవరు.

ఆస్కార్ తీరు వేరు. అది మార్చిలో, దాళ్వా చేలకి నీళ్లు చూసుకునే రోజుల్లో వస్తుంది. మనకి సోమవారం తెల్లవారుజాము. 2023లో నాటు నాటు పాట పోటీలో ఉన్నప్పుడు ఎదుట రిహానా, లేడీ గాగా. పేరు చూసి చెప్పేవాళ్లు భయపడ్డారు. అంతకు ముందు జనవరిలో గోల్డెన్ గ్లోబ్, క్రిటిక్స్ చాయిస్ రెండూ ఆ పాటకే వచ్చాయని గుర్తుపెట్టుకున్నవాళ్లు నిశ్చింతగా కూర్చున్నారు. కొవ్వూరులో పుట్టిన కీరవాణి, ఆయనతోపాటు చంద్రబోస్ వేదికెక్కేసరికి మా వీధిలో అప్పుడే తెల్లారిన గోల. ముందొచ్చే అవార్డులు చూసి చెప్పడం ఆస్కార్‌కి చాలా మంచి పద్ధతి.

ఉత్తమ చిత్రానికైతే ఇంకా దగ్గరి గుర్తు ప్రొడ్యూసర్స్ గిల్డ్, అంటే అమెరికా నిర్మాతల సంఘం, ఇచ్చే అవార్డు. 2019 నుంచి 2025 వరకు ఏడు వేడుకల్లో ఆరుసార్లు గిల్డ్ ఇచ్చిన సినిమాకే ఆస్కార్ వచ్చింది. 2020లో మాత్రం గిల్డ్ 1917 అంటే, ఆస్కార్ పారసైట్ అంది. ఇద్దరి లెక్కా ఇంత కలవడానికి ఒక కారణం, ఇద్దరూ ఓట్లు ఒకే పద్ధతిలో లెక్కపెడతారు. ఆ పద్ధతి చెప్తే మావాళ్లకి ఎక్కలేదు. పాత క్యాలెండర్ కాగితం చింపి పదకొండు చీటీలు చేశాం. మూడు సినిమాలు: ఒక పెద్ద హీరోది, ఒక కుటుంబ కథ, ఒక చిన్న సినిమా. ఎవరికి నచ్చిన వరసలో వాళ్లు ఒకటి, రెండు, మూడు అని రాయాలి. మొదటి స్థానాలు లెక్కపెడితే హీరో సినిమాకి అయిదు, కుటుంబ కథకి నాలుగు, చిన్న సినిమాకి రెండు.

హీరో అభిమాని లేచి కాలరెగరేశాడు. కూర్చోమన్నాం. సగం దాటాలి, అంటే ఆరు రావాలి. అందరికన్నా తక్కువ వచ్చిన చిన్న సినిమాని తీసేసి, ఆ రెండు చీటీల్లో రెండో స్థానం ఎవరికి రాశారో చూశాం. రెండూ కుటుంబ కథకే. నాలుగూ రెండూ ఆరు. గెలిచింది కుటుంబ కథ. "అయిదొచ్చినోడు ఓడిపోవడం ఏంటండీ, నాలుగొచ్చినోడు గెలవడం ఏంటండీ, ఇదేం అన్యాయం!" అని అతను చీటీలన్నీ మళ్లీ తనే లెక్కపెట్టాడు. మళ్లీ ఆరే. కొందరికి ప్రాణమై, కొందరికి కంట్లో నలుసైన సినిమా ఈ లెక్కలో నెగ్గడం కష్టం. ఎక్కువమంది చీటీల్లో రెండో స్థానంలో ఉన్నా చాలు, ఎవరికీ మరీ చేదు కాని సినిమా పైకొస్తుంది. ఉత్తమ చిత్రం జోస్యం చెప్పేముందు "దీన్ని ఎంతమంది ప్రేమిస్తారు" అనే కాదు, "ఎంతమంది కాదనరు" అని కూడా అడగాలి. మిగతా విభాగాల్లో ఈ తతంగం లేదు, ఎక్కువ ఓట్లొచ్చినవాళ్లదే అవార్డు.

నంది అవార్డులుంటే ఈ పందేలకి ఇంకా రుచి ఉండేది. 1964 నుంచి నడిచినవి అవి. ఢిల్లీ కన్నా, లాస్ ఏంజెలెస్ కన్నా మాకు అర్థమయ్యే అవార్డు. 2014, 2015, 2016 సినిమాలకి మూడేళ్లవీ కలిపి 2017 నవంబరులో ఒక్కసారే ప్రకటిస్తే, మూడు సంవత్సరాల పందేలు ఒకే సాయంత్రం తేలిపోయాయి. ఆ తర్వాత ఆగిపోయాయి. తెలంగాణలో 2025లో గద్దర్ అవార్డులు మొదలై, 2024 సినిమాల్లో ఉత్తమ చిత్రంగా కల్కి 2898 ఏడీ, ఉత్తమ నటుడిగా పుష్ప 2కి అల్లు అర్జున్ గెలిచారు. అక్కడ పెద్ద సినిమా, పెద్ద హీరో మీద కట్టినవాళ్లకి న్యాయం జరిగింది. ఆ అవార్డుల పందెం నేను మావయ్యగారికే వదిలేస్తాను.

జాతీయ అవార్డుల ప్రకటన ఈమధ్య వరసగా నాలుగుసార్లు జులై చివర్లోనో ఆగస్టులోనో వచ్చింది. గోదారికి ఎర్రనీరొచ్చి పులస ఎదురెక్కే రోజులవి. "పులసకి ఎదురీదడం తెలుసు, మన హీరోకీ తెలుసు. ఈసారి ఒక్కడికే, రాసిపెట్టుకోండి" అని మావయ్యగారు అప్పుడే చెప్పేశారు. నేను రాసిపెట్టుకున్నాను. నా చీటీలో ఉన్నవి ఇవీ: ఉత్తమ నటుడు ఇద్దరికి, ఉత్తమ తెలుగు చిత్రం పెద్ద హీరో లేని సినిమాకి, పాటల విభాగాల్లో కనీసం ఒకటి తెలుగుకి. మూడోదాని మీద ఒక పూతరేకుల డబ్బా కాదు, రెండు డబ్బాలు కట్టాను.