బ్రౌజర్‌లోనే ఆఫీసు: ఒక అనువాదకురాలి రివ్యూ

ఇంగ్లిష్ నుంచి తెలుగులోకి అనువాదాలు చేయడం నా పని. యాప్‌ల స్క్రీన్ల మీద కనిపించే మాటలు, మందుల డబ్బాల్లో వచ్చే కాగితాలు, అప్పుడప్పుడు అగ్రిమెంట్లు. కాపురం బెంగళూరు కె.ఆర్.పురంలో, అత్తగారిల్లు హిందూపురంలో. ఎక్కడున్నా పని ఆగకూడదని దాదాపు అంతా బ్రౌజర్‌లోకి మార్చేశాను. ఏది నిలబడింది, ఏది తీసేశాను అన్నదే ఈ రివ్యూ.

మొదటి మార్కు గూగుల్ డాక్స్‌కే. క్లయింటు "మొన్నటి వాక్యమే బాగుందండీ" అంటే వెర్షన్ హిస్టరీలోకి వెళ్లి దాన్ని వెనక్కి తెచ్చుకోవచ్చు. హిందూపురం వెళ్లడానికి యశ్వంతపూర్‌లో రైలెక్కితే దొడ్డబళ్లాపురం దాటాక సిగ్నల్ వస్తూ పోతూ ఉంటుంది. అప్పుడు కాపాడేది డాక్స్ ఆఫ్‌లైన్ ఎక్స్‌టెన్షన్ (బ్రౌజర్‌కి అదనంగా తగిలించుకునే చిన్న ప్రోగ్రాం). అయితే ఇంట్లో నెట్ ఉన్నప్పుడే ఆన్ చేసి, కావలసిన ఫైలుకి 'అవైలబుల్ ఆఫ్‌లైన్' పెట్టుకోవాలి. ఇన్‌కాగ్నిటో విండోలో (హిస్టరీ దాచుకోని ప్రైవేటు విండోలో) పనిచేయదు. తిరిగి నెట్ తగలగానే రాసిందంతా దానంతటదే సింక్ అవుతుంది.

డ్రైవ్‌లో ఉచితంగా ఇచ్చే 15 జీబీలో జీమెయిల్, ఫొటోలు కూడా వాటాకొస్తాయి. మా పిల్లాడి వీడియోలతోనే సగం నిండిపోయింది, అందుకే పనికి వేరే అకౌంట్ పెట్టుకున్నాను. డ్రైవ్‌లో నాకు బాగా నచ్చిందేమిటంటే, స్కాన్ చేసిన తెలుగు పేజీని డాక్స్‌తో తెరిస్తే అక్షరాలుగా మార్చి ఇస్తుంది. ఒత్తులు అక్కడక్కడా తప్పుతాయి, రెండు కాలమ్‌ల పేజీ అయితే వరసలు కలిసిపోతాయి. అయినా మొదటి నుంచి టైప్ చేయడం కంటే దిద్దుకోవడం చాలా నయం.

పాస్‌వర్డ్‌లన్నీ ఒకచోట దాచుకోవడానికి బిట్‌వార్డెన్ అనే యాప్. ఫ్రీ ప్లాన్‌లోనే ఎన్ని పాస్‌వర్డ్‌లైనా, ఎన్ని పరికరాల్లోనైనా పెట్టుకోవచ్చు. మాస్టర్ పాస్‌వర్డ్ మర్చిపోతే మాత్రం కంపెనీ వాళ్లు కూడా ఇవ్వలేరు, నాది కాగితం మీద రాసి బీరువాలో పెట్టాను. మా మరిది కంప్యూటర్ వాడాల్సి వస్తే క్రోమ్‌లో గెస్ట్ విండో తెరుస్తాను. అందులో ఎక్స్‌టెన్షన్లు రావు, కాబట్టి ఫోన్లో బిట్‌వార్డెన్ చూసి చేత్తో కొట్టుకోవాలి. విసుగే, కానీ విండో మూస్తే నా లాగిన్లేవీ ఆ కంప్యూటర్‌లో మిగలవు.

ఇక తీసేసినవి. ఎవరో మెచ్చుకుంటే ఇంగ్లిష్ గ్రామర్ చూసే ఎక్స్‌టెన్షన్ ఒకటి పెట్టాను. అన్ని వెబ్‌సైట్లలోనూ నా డేటాను చదవడానికి, మార్చడానికి అనుమతి అడిగింది. క్లయింటు కాగితాలు బయటికి పొక్కనివ్వనని సంతకం పెట్టి, వాటిని దీనికెలా చూపిస్తాను? ఇది ఉత్త అనుమానం కాదు. వాడని ట్యాబులను నిద్రపుచ్చి మెమరీ మిగిల్చే గ్రేట్ సస్పెండర్ ఎక్స్‌టెన్షన్‌ని ఎంతోమంది నమ్మి వాడేవారు. 2020లో అది వేరేవాళ్ల చేతికి వెళ్లింది, 2021 ఫిబ్రవరిలో మాల్‌వేర్ ఉందని గూగుల్ దాన్ని తీసేసింది. ఆ పనికి ఇప్పుడు క్రోమ్‌లోనే మెమరీ సేవర్ ఉంది. తెలుగు టైపింగ్‌కి కూడా ఎక్స్‌టెన్షన్ అక్కర్లేదు, విండోస్‌లో తెలుగు ఫొనెటిక్ కీబోర్డు 2019 నుంచీ ఉంది. యాడ్‌లు ఆపే యూబ్లాక్ ఆరిజిన్ పూర్తి రూపంలో కావాలంటే ఫైర్‌ఫాక్స్‌కి వెళ్లాలి, క్రోమ్‌లో ఇప్పుడు లైట్ వెర్షనే.

ఇలా అన్నీ నెట్ మీదే నడిపే క్లౌడ్ పద్ధతి చేతులెత్తేసేది అను ఫాంట్ల (తెలుగు డీటీపీకి వాడే పాత రకం ఫాంట్ల) దగ్గర. ప్రెస్సుల వాళ్లు ఇంకా పేజీలు కట్టే పాత సాఫ్ట్‌వేర్ పేజ్‌మేకర్‌లో అను ఫాంట్లతోనే ఫైళ్లు పంపిస్తారు. అవి యూనికోడ్ (అన్ని కంప్యూటర్లూ ఒకేలా గుర్తుపట్టే అక్షరాల పద్ధతి) కావు, అందులోంచి కాపీ చేసి డాక్స్‌లో పెడితే పిచ్చిగీతలు వస్తాయి. ఆ ఫైళ్లను ఇంటి కంప్యూటర్‌లోనే తెరవాలి, అందుకే క్రోమ్ రిమోట్ డెస్క్‌టాప్ పెట్టుకున్నాను. డబ్బులక్కర్లేదు, ఆరంకెల పిన్ కొడితే హిందూపురంలో కూర్చుని కె.ఆర్.పురంలోని కంప్యూటర్‌ను నడపొచ్చు. మౌస్ కాస్త వెనకబడుతుంది, ప్రూఫులు దిద్దడానికి పర్లేదు, పేజీ లేఅవుట్‌కి మాత్రం ఓపిక చాలదు. పైగా అక్కడ కంప్యూటర్ ఆన్‌లో ఉండాలి. కరెంటు పోయి వచ్చిందంటే మా ఆయన ఆఫీసు నుంచి ఇంటికొచ్చి స్విచ్ వేసేదాకా ప్రెస్సు వాళ్లకి "సాయంత్రం పంపిస్తానండీ" అని చెప్పుకోవాల్సిందే.