వైర్‌లెస్ మౌసుతో ఆరేళ్లు: సెల్లు పెట్టే గడిని చూసి కొనండి

పుటలు అమర్చడం నా వృత్తి. అక్షరాల మధ్య ఎడం సరిచేయడం, బొమ్మను వెంట్రుకవాసి పక్కకు జరపడం వంటి పనులన్నీ మౌసుతోనే చేయాలి కనుక రోజుకు ఎనిమిది గంటలు అది నా చేతిలోనే ఉంటుంది. ఈ ఆరేళ్లలో రెండు వైర్‌లెస్ మౌసులు వాడాను. మొదటిది ఒక్క పెన్సిల్ సెల్లుతో, అంటే డబుల్ ఏ సెల్లుతో నడిచేది. రెండోది లోపలే లిథియం బ్యాటరీ బిగించి ఉండి, కేబులు పెట్టి ఛార్జి చేసుకునేది. ధరలోనూ హంగులోనూ రెండోదే మేలైనది. అయినా మూడేళ్లు నిండేసరికి దాన్ని పక్కన పెట్టవలసి వచ్చింది. మొదటిది నేటికీ పనిచేస్తోంది.

ఆ ఖరీదైన మౌసు మొదట్లో ఒకసారి ఛార్జి చేస్తే రెండు నెలలు వచ్చేది. రాత్రి కేబులు తగిలించి ఉదయం తీయడం నాకు అలవాటైంది. లిథియం బ్యాటరీకి నిండుగా ఛార్జి అయిన స్థితిలో ఎక్కువ కాలం ఉండటమూ, వేడి తగలడమూ మంచివి కావని తెలిసి కూడా, ఇంత చిన్న వస్తువుకు అంత జాగ్రత్త ఎందుకులే అనుకున్నాను. రెండో ఏడు గడిచేసరికి రెండు నెలలు కాస్తా మూడు వారాలైంది, ఆ తరువాత వారానికి దిగింది. బ్యాటరీ మార్పిద్దామని చూస్తే, మరలన్నీ అడుగున అతికించిన జారుడు పట్టీల కింద ఉన్నాయి. ఆ పట్టీలు ఒలిస్తే మళ్లీ సరిగా అంటుకోవు, అంటుకోకపోతే మౌసు బల్ల మీద గీసుకుంటూ కదులుతుంది. పైగా ఛార్జింగ్ రంధ్రం కూడా అడుగునే ఉన్నందువల్ల, ఛార్జి అవుతున్నంతసేపూ పని ఆపుకోవలసి వచ్చేది. లోపలే బ్యాటరీ ఉన్న మౌసు కొనదలచినవారు రంధ్రం ముందు వైపు ఉందో లేదో మొదట చూడాలి. అప్పుడు బ్యాటరీ బలహీనపడినా కేబులు తగిలించుకుని పని కొనసాగించవచ్చు.

పెన్సిల్ సెల్లు మౌసు డబ్బా మీద పన్నెండు నెలలు వస్తుందని రాసి ఉంది. నాకు ఆల్కలైన్ సెల్లు ఏడు నెలలు వచ్చింది. దీన్ని నేను మోసమనను, ఎందుకంటే ఆ లెక్క రోజుకు కొద్ది గంటల వాడకాన్ని బట్టి వేసినది. మౌసు కదులుతున్నంతసేపూ దాని సెన్సర్ కింది తలం మీద వెలుగు వేసి, సెకనుకు వెయ్యికి పైగా చిన్న చిన్న ఫొటోలు తీసి, ఒకదానితో ఒకటి పోల్చి ఎటు జరిగిందో లెక్కగడుతుంది. కదలిక ఆగగానే అంచెలంచెలుగా నిద్రలోకి వెళ్తుంది. కనుక సెల్లు ఎన్నాళ్లు వస్తుందన్నది మౌసును రోజులో ఎంతసేపు కదిలిస్తున్నామన్న దాన్ని బట్టి ఉంటుంది. ఆటల కోసం తయారైన మౌసుల్లో సెకనుకు 1000 సార్లు కంప్యూటరుకు కబురు పంపే అమరిక ఉంటుంది. సాధారణ పనికి 125 సార్లు చాలు. మార్చుకునే వీలుంటే తగ్గించుకోవడం మంచిది, సెల్లు మీద భారం స్పష్టంగా తగ్గుతుంది.

బల్ల సంగతి చాలామంది పట్టించుకోరు. నా పాత బల్ల నల్లగా, నున్నగా ఉండేది. ముదురు రంగు తలం వెలుగును మింగేస్తుంది కనుక చాలా సెన్సర్లు అక్కడ దీపం కాంతిని పెంచుకుంటాయి, కరెంటు కూడా ఆ మేరకు ఎక్కువ తీసుకుంటాయి. లేత బూడిద రంగు గుడ్డ ప్యాడ్ వేసిన తరువాత సెల్లు ఎక్కువ రోజులు రావడమే కాక, కర్సర్ వణుకు కూడా పోయింది.

ఏ సెల్లు వేయాలన్నది నాకు అన్నిటికంటే ఆలస్యంగా అర్థమైన విషయం. ఆల్కలైన్ సెల్లు కొత్తలో 1.5 వోల్టులు ఇస్తుంది, వాడేకొద్దీ మెల్లగా తగ్గుతూ పోతుంది. మళ్లీ మళ్లీ ఛార్జి చేసుకునే నికెల్ మెటల్ హైడ్రైడ్ సెల్లు 1.2 వోల్టుల దగ్గర చాలాకాలం నిలకడగా ఉండి, చివర్లో ఒక్కసారిగా పడిపోతుంది. మౌసు తెలిపే బ్యాటరీ శాతం చాలావరకు ఆల్కలైన్ నడకను దృష్టిలో పెట్టుకున్నదే. అందుకే నిండా ఛార్జి చేసిన సెల్లు వేసిన మొదటి రోజే అది సగమే ఉన్నట్టు చూపించింది. సెల్లు పాడైందనుకుని రెండింటిని అన్యాయంగా పక్కన పడేశాను. నిజానికి ఆ సగం దగ్గరే నెలల తరబడి నిలిచి, ఆ తరువాత ముందస్తు హెచ్చరిక లేకుండా ఆగిపోతుంది.

సెల్లు కొనేటప్పుడు అందరూ చూసేది ఎన్ని మిల్లీ యాంపియర్ అవర్లన్నది, అంటే అందులో ఎంత ఛార్జి పడుతుందన్నది. మౌసు విషయంలో అంతకంటే ముఖ్యమైనది, సెల్లు తనంతట తాను ఎంత వేగంగా తరిగిపోతుందన్నది. మౌసు తీసుకునే కరెంటు చాలా స్వల్పం, సెల్లు అందులో నెలల పాటు కూర్చుంటుంది. పాతకాలపు నికెల్ మెటల్ హైడ్రైడ్ సెల్లు వాడకపోయినా కొద్ది నెలల్లోనే చాలా భాగం కోల్పోయేది. 2005లో శాన్యో ఎనెలూప్ పేరుతో తెచ్చిన రకం ఈ లోపాన్ని బాగా తగ్గించింది, అటువంటివి ఇప్పుడు ఎన్నో కంపెనీలు తయారుచేస్తున్నాయి. ఆ రకం సెల్లు ఒకటి మౌసులో, ఒకటి సొరుగులో ఉంచుకుని మార్చుకుంటున్నాను.

ఆల్కలైన్ సెల్లుతో నాకు ఒక చేదు అనుభవం ఉంది. రెండు నెలలు పని మీద వేరే చోట ఉండి తిరిగొచ్చి మూత తీసేసరికి, స్ప్రింగు చుట్టూ తెల్లటి పొడి పేరుకుని, రాగి రంగు రేకు మీద పచ్చటి చిలుము పట్టి ఉంది. సెల్లులోని పొటాషియం హైడ్రాక్సైడ్ బయటికి కారితే ఇలా అవుతుంది. అది క్షారం కనుక, దూది చుట్టిన పుల్లను వెనిగర్‌లో ముంచి అద్దితే చిన్నగా నురగ వచ్చి పొడి వదిలింది. తరువాత తడి లేకుండా తుడిచి, ఒక పూటంతా ఆరబెట్టి, కొత్త సెల్లు వేస్తే బతికింది. నెల దాటి వాడకపోతే సెల్లు తీసేయండి. ఆ పొడిని మాత్రం వట్టి చేత్తో తాకకండి.

కర్సర్ ఆగి ఆగి కదిలితే వెంటనే సెల్లును తప్పుపట్టడం కూడా పొరపాటే. నేను అలా మంచి సెల్లు తీసేసి కొత్తది వేసినా జబ్బు తగ్గలేదు. మౌసు పంపే కబురును అందుకోవడానికి కంప్యూటరుకు తగిలించే చిన్న ముక్క, అంటే రిసీవర్ పక్కనే బయటి హార్డ్ డిస్కు పెట్టడమే అసలు కారణం. అటువంటి డిస్కులు తగిలించే యూఎస్‌బీ 3.0 కేబుళ్లు, పోర్టులు 2.4 గిగాహెర్ట్జ్ రేడియో తరంగాల పరిధిలో రొద పుట్టిస్తాయని ఇంటెల్ 2012లోనే ఒక పత్రం వెలువరించింది. రిసీవర్‌తో నడిచే మౌసులు పనిచేసేది సాధారణంగా ఆ పరిధిలోనే. బ్లూటూత్‌ది కూడా అదే పరిధి. రిసీవర్‌ను పొట్టి పొడిగింపు కేబులుతో మౌసుకు దగ్గరగా తెచ్చాక ఇబ్బంది పూర్తిగా పోయింది.

రిసీవరా బ్లూటూతా అంటే, బల్ల దగ్గర పనికి నేను రిసీవర్‌నే ఎంచుకుంటాను. నిద్రలోంచి లేవడానికి నా బ్లూటూత్ మౌసు ఒకటి రెండు క్షణాలు తీసుకునేది, పని మధ్యలో అది చికాకు కలిగిస్తుంది. ల్యాప్‌టాప్‌తో తిరిగేవారికి పోర్టు ఆక్రమించని బ్లూటూత్ నయం. ఏది కొన్నా అడుగున ఆపే స్విచ్చు ఉండాలి. రిసీవర్ పీకేస్తే మౌసు ఆగిపోతుందనుకోవద్దు. సంచిలో కుదుపులకు అది మేల్కొని, లేని రిసీవర్ కోసం వెతుకుతూ సెల్లును ఖర్చు చేస్తుంది.

గత నెలలో నా పాత మౌసు ఎడమ మీట ఒకసారి నొక్కితే రెండుసార్లు నొక్కినట్టు పనిచేయడం మొదలైంది. కొత్త సెల్లు వేసినా అదే తీరు కనుక లోపం మీట కింది చిన్న స్విచ్చుదని తేలింది. ఈ మౌసు మర సెల్లు పెట్టే గడిలోనే, ఒక కాగితపు చీటీ కింద ఉంది. మరమ్మతు చేసే అతను దాన్ని విప్పి, స్విచ్చు తీసి కొత్తది అతికించడానికి అరగంట పట్టింది. ఈ సమీక్షకు పుట అమర్చింది ఆ మౌసుతోనే.