గ్రహణం ఫొటోలకి 70 ఎం.ఎం. టెలిస్కోప్: ఏడేళ్లు వాడాక

2018 జూలైలో కొన్నాను. ఆ నెల 27 రాత్రి సంపూర్ణ చంద్రగ్రహణం. గంటా నలభై మూడు నిమిషాలు చంద్రుడు పూర్తిగా నీడలోనే ఉంటాడని, ఈ శతాబ్దంలో ఇంత పొడుగైనది ఇంకోటి లేదని పేపర్లో చదివాక ఆగలేకపోయాను. తీరా ఆ రాత్రి హైదరాబాద్‌లో మా డాబా మీద నుంచి నేను చూసింది మబ్బుల్ని. మా ఆవిడ ఇప్పటికీ దాన్ని మబ్బుల మిషన్ అనే అంటుంది.

ముందు వస్తువు సంగతి. 70 మి.మీ. ముందద్దం (అంటే లెన్సు), 700 మి.మీ. ఫోకల్ లెంగ్త్, వెనక అంగుళంపావు ఐపీస్ (కన్ను ఆనించి చూసే కటకం) పట్టే గొట్టం, అల్యూమినియం కాళ్ల స్టాండు. అప్పట్లో తొమ్మిది వేల చిల్లర. చంద్రుడి వెంట తనంతట తాను తిరిగే మోటారు లాంటివేమీ లేవు, చేత్తో తిప్పుకోవాల్సిందే.

2019 జూలై 17 తెల్లవారుజామున పాక్షిక గ్రహణానికి ఫోన్‌ని ఐపీస్‌కి ఆనించి పట్టుకుని తీశాను. పదిటిలో తొమ్మిదింట్లో నల్లటి వృత్తం, ఓ మూల తెల్లటి మచ్చ, అంతే. తర్వాత ఫోన్‌ని బిగించే క్లాంపు కొన్నాక పరిస్థితి మారింది. 25 మి.మీ. ఐపీస్‌తో 28 రెట్లు పెద్దగా కనిపిస్తుంది, చంద్రుడు మొత్తం హాయిగా పడతాడు. స్క్రీన్ మీద చంద్రుణ్ణి వేలితో నొక్కిపట్టి ఫోకస్ లాక్ చేసి, వెలుతురు బాగా తగ్గిస్తే గుంటలు కూడా తెలుస్తాయి. వాట్సాప్‌లో పెట్టుకోవడానికి ఇది చాలు. నిజానికి చాలామందికి ఇక్కడితో ఆగిపోవడమే మంచిది.

నేను ఆగలేదు. సెకండ్‌హ్యాండ్ డీఎస్ఎల్ఆర్ ఒకటి, దాన్ని గొట్టానికి తగిలించే టీ-రింగ్ ఒకటి కొన్నాను. 2022 నవంబర్ 8న చంద్రుడు లేచేసరికే సంపూర్ణ దశ అయిపోయింది, ఎదురు అపార్ట్‌మెంట్ దాటి పైకొచ్చేసరికి గోరంత నీడ మిగిలింది. 2023 అక్టోబర్ 28 అర్ధరాత్రి దాటాక వచ్చిందీ చిన్నదే, ఒంటిగంట ఐదు నుంచి రెండూ ఇరవై నాలుగు దాకా. చంద్రుడి అడ్డుకొలతలో ఎనిమిదో వంతు కూడా నీడలో పడలేదు. కానీ ఫొటోలు మాత్రం కత్తిలా వచ్చాయి. ఈ గొట్టంతో చంద్రుడి బొమ్మ సెన్సర్ మీద ఆరు మిల్లీమీటర్ల చిల్లర ఉంటుంది, అంటే నా కెమెరాలో దాదాపు 1500 పిక్సెళ్ల వెడల్పు. అంచు చుట్టూ సన్నటి ఊదారంగు గీత వచ్చింది. ఓజోన్ వల్ల నీడ అంచున నీలిరంగు కనిపిస్తుందని విన్నాను కాబట్టి అదేనేమోనని మురిసిపోయాను. కాదు, అది చవక అద్దం వేసే రంగు. ఓజోన్ నీలం చంద్రుడి ముఖం మీద నీడ మొదలయ్యే చోట ఉంటుంది గానీ చుట్టూ అంచుకి కాదు.

అసలు పరీక్ష 2025 సెప్టెంబర్ 7. నిమజ్జనం మర్నాడు, ఆదివారం. పట్టు 9:57కి, సంపూర్ణం 11:01 నుంచి 12:23 దాకా. అమ్మ సాయంత్రమే పచ్చడి జాడీల మీద దర్భలు వేసేసింది. నేను వంటింట్లోంచి కిలో కందిపప్పు ప్యాకెట్ తీసుకుని మెట్లెక్కుతుంటే, "గ్రహణం పూట పప్పు పైకి దేనికిరా?" అని ఆపింది.

దేనికంటే, ఈ టెలిస్కోప్‌తో అసలు చిక్కు అద్దం కాదు, స్టాండు. ఆ రాత్రి చంద్రుడు అరవై డిగ్రీల పైనే ఉన్నాడు. మామూలుగా ఐపీస్‌ని పక్కకి తిప్పే అద్దం ఉంటుంది కదా, అది ఉంటే నా కెమెరాకి ఫోకస్ అందదు, తీసేయాలి. అప్పుడు కెమెరా నేరుగా గొట్టం చివర, సరిగ్గా స్టాండు కాళ్ల మధ్యకి వేలాడుతుంది. వెనక బరువు ఎక్కువై గొట్టం ముక్కు ఆకాశంలోకి లేచిపోతుంది. మర ఎంత బిగించినా మెల్లగా జారుతూనే ఉంటుంది. అందుకే కందిపప్పుని గుడ్డసంచిలో వేసి ముందు భాగానికి కట్టాను. స్క్రీన్ చూడాలంటే చాప మీద వెల్లకిలా పడుకోవాలి. ఎక్కడ ముట్టుకున్నా మూడు నాలుగు సెకన్లు వణుకుతుంది, కాబట్టి చేత్తో బటన్ నొక్కే మాటే లేదు. పది సెకన్ల టైమర్ పెట్టి ఊపిరి బిగబట్టడమే.

మోటారు లేకపోవడం మాత్రం అనుకున్నంత ఇబ్బంది పెట్టలేదు. చంద్రుణ్ణి ఫ్రేములో ఒక అంచున పెట్టి వదిలేస్తే రెండో అంచుకి చేరడానికి ఐదు నిమిషాలు పడుతుంది. ఈలోపు తీసుకున్నన్ని తీసుకోవచ్చు.

ఇంకో చిక్కు చంద్రుడు నల్లబడ్డాక. నిండు చంద్రుడికి ఐఎస్ఓ (కెమెరా వెలుతురుకి ఎంత సున్నితంగా ఉండాలో చెప్పే అంకె) 100లో 1/125 సెకను సరిపోతుంది. పూర్తిగా నీడలోకి వెళ్లాక వెలుగు వేల రెట్లు పడిపోతుంది. ఐఎస్ఓ 3200 పెట్టి సెకను తెరిచి ఉంచితే రంగు బాగుంది కానీ చంద్రుడు ఆ సెకనులో పన్నెండు పిక్సెళ్లు జరిగిపోతాడు, గుంటలన్నీ సాగిపోయాయి. చివరికి ఐఎస్ఓ 6400, 1/4 సెకను దగ్గర రాజీపడ్డాను. ఒక్కో ఫొటో చీకటిగా, ఇసుక చల్లినట్టు ఉంది. అరవై ఫొటోలు తీసి ఆటోస్టాకర్ట్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో ఒకదానిమీద ఒకటి పేర్చాక ఇసుక పోయింది. కింది అంచు నారింజ, పైకి వెళ్లేకొద్దీ తోమని రాగి చెంబు రంగు. ఏడేళ్ల ఖర్చూ ఆ ఒక్క ఫొటోతో గిట్టింది.

ఇందులో ఇరవై నిమిషాలు నా తెలివితక్కువతనానికి పోయాయి. 11:05కి చెయ్యి తగిలి ఫోకస్ కదిలింది. ఆ చీకటి ముద్ద మీద మళ్లీ ఫోకస్ దొరకలేదు. పక్కింటి పిల్లలు వరసగా వచ్చి "అంకుల్, చూపించరా?" అంటున్నారు, నాకేమో టెన్షన్. చివరికి పక్కనే ఉన్న శనిగ్రహం మీదికి తిప్పి, దాన్ని చిన్న చుక్క చేసి, అలాగే కదలకుండా వెనక్కి తెచ్చాను. ఆ ఏడాది శని ఉంగరాలు దాదాపు గీతలా ఉన్నాయి, పిల్లలకి అదో ఆనందం. వెలుగు ఉండగానే ఫోకస్ చేసి నాబ్ మీద టేపు వేసేయండి.

పన్నెండు దాటాక తీసినవన్నీ మసకగా వచ్చాయి. మర్నాడు కంప్యూటర్లో చూసుకున్నాకే తెలిసింది, ముందద్దానికి మంచు పట్టిందని. పాత యోగా మ్యాట్ ముక్కని గొట్టం ముందు చుట్టి ఉంటే చాలా వరకు ఆగేది.

ఇదే ధరలో లెన్సు బదులు ముఖం చూసుకునే అద్దం లాంటిది ఉండే టెలిస్కోపు, అంటే న్యూటోనియన్, కొందామనుకునేవాళ్లకి ఒక మాట. ఐపీస్‌తో చూడటానికి అది దీనికన్నా వెలుగుగా ఉంటుంది. కానీ చాలా చిన్న వాటిలో డీఎస్ఎల్ఆర్ తగిలిస్తే ఫోకస్ అందదు, మధ్యలో ఫోకస్‌ని ఇంకాస్త బయటికి జరిపే బార్లో కటకం పెట్టుకోవాలి. మా స్నేహితుడు ఈ సంగతి సరిగ్గా గ్రహణం రాత్రే తెలుసుకున్నాడు.

2026 మార్చి 3 గ్రహణంలో మనకి చంద్రుడు లేచేసరికి మిగిలేది చివరి ముక్కే. మొదటి నుంచి చివరి దాకా సంపూర్ణంగా చూడాలంటే 2028 డిసెంబర్ 31 రాత్రి, మధ్యకాలం 10:22కి. చలికాలం కాబట్టి మబ్బుల బెడద తక్కువ. గొట్టాన్ని అందుకే ఉంచుకున్నాను, వీడియో కెమెరాలకి వాడే బరువైన ట్రైపాడ్ మీదికి ఎక్కించాను. దాని ధర టెలిస్కోప్ కన్నా ఎక్కువైంది, ఇంట్లో ఇంకా చెప్పలేదు. పాత స్టాండుని పాతసామాన్లవాడికి ఇచ్చేశాను. అల్యూమినియం కదా, కిలోకి మంచి రేటే కట్టాడు.