పదహారు పేజీలు లేని పుస్తకానికే ఈ ఏడాది ఫస్ట్ ర్యాంకు

డిసెంబర్ రాగానే అందరూ టాప్ టెన్ పెడతారు కదా, నేను పది పెట్టను. చదివినవి చాలావరకు బాగానే ఉన్నాయి గానీ బాగుండడం వేరు, మనసుకి పట్టడం వేరు. ఈసారి ఆ తేడా నాకు ఒక పబ్లిషర్ పుణ్యమా అని తెలిసింది. ఒళ్లు మండించి మరీ తెలియజేశాడు మహానుభావుడు.

పుస్తకం డాక్టర్ పి. శ్రీదేవి 'కాలాతీత వ్యక్తులు'. కథ చెప్పను, ఇందిర కోసం చదవండి చాలు. 1950ల చివర్లో 'తెలుగు స్వతంత్ర' వారపత్రికలో సీరియల్‌గా వచ్చిన నవలలో, ఉద్యోగం చేసి తండ్రిని పోషిస్తూ, ఎవరి జాలీ అక్కర్లేకుండా, మంచిపిల్ల అనిపించుకోవాలన్న తాపత్రయం అసలే లేకుండా ఒక అమ్మాయి అలా తిరుగుతుంటే, పక్కన ఏదీ తేల్చుకోలేని మెడికో ప్రకాశం నీళ్లు నములుతుంటాడు. 1963లో దీన్నే 'చదువుకున్న అమ్మాయిలు' సినిమాగా తీశారు, అయితే సినిమా చూసి ఇందిర తెలిసిపోయింది అనుకునేవాళ్లతో నేను వాదన పెట్టుకోను, పుస్తకం చేతిలో పెడతాను.

అసలు గొడవకొస్తా. హైదరాబాద్ ఎన్టీఆర్ స్టేడియంలో జరిగే బుక్ ఫెయిర్‌లో కొన్నాను, అట్ట నిగనిగలాడుతోంది, కాగితం కూడా మంచిదే. నెలలు గడిచాక తీరిగ్గా మొదలుపెట్టి, రాత్రి పన్నెండు దాటినా దించకుండా చదువుతుంటే, 176వ పేజీ తిప్పగానే ఇందాక చదివిన సంగతే మళ్లీ వస్తోంది. నిద్రమత్తేమో అనుకుని కళ్లు నులుముకుని చూస్తే పేజీ నంబరు 161. ఒకే ఫారం, అంటే కలిపి అచ్చేసి మడతపెట్టే పదహారు పేజీల కట్ట, రెండుసార్లు పెట్టి కుట్టేశారు, ఆ తర్వాత సరాసరి 193. అంటే 177 నుంచి 192 దాకా, ఫారం ఫారమంతా గాయబ్. అదీ మంచి పట్టులో ఉన్నప్పుడు! సీరియల్‌గా చదివినవాళ్లు వారం ఆగేవాళ్లు, నాకు ఆ వారం కూడా రాసిపెట్టి లేదు.

బిల్లు తీసి చూస్తే థర్మల్ పేపరు, అక్షరాలన్నీ ఎగిరిపోయి తెల్లకాగితం మిగిలింది. స్టాలు ఎటూ ఎత్తేశారు. పుస్తకం వెనక ఉన్న నంబరుకి చేస్తే "ఆ లాట్‌లో కొన్ని అలా వచ్చాయండీ, కొత్త కాపీ పంపిస్తాం లెండి" అన్నారు. ఆ "లెండి" వినగానే ఇక రాదని అర్థమైపోయింది, రాలేదు కూడా. శ్రీదేవి 1961లో చిన్న వయసులోనే పోయారు, రాసిన నవల ఇదొక్కటే. రచయిత పోయిన అరవై ఏళ్లకి కాపీరైట్ తీరిపోతుంది కాబట్టి 2022 నుంచి ఎవరైనా వేసుకోవచ్చు. వేసుకోండి, మంచిదే, కానీ పెట్టెల్లో సర్దే ముందు ఒక్క కాపీ అయినా తిరగేసి చూడొద్దా?

చివరికి చిక్కడపల్లి సెంట్రల్ లైబ్రరీకి వెళ్లాను. గ్రూప్స్‌కి చదివే పిల్లలతో కుర్చీ ఖాళీ లేదు, నవలల బీరువాల దగ్గర మాత్రం పురుగు లేదు. పాత కాపీ దొరికింది, క్యాలికో బైండు, మూల మూలనా లైబ్రరీ ముద్ర, అంచులు పసుపెక్కి ముట్టుకుంటే రాలేలా ఉన్నాయి. అచ్చు వేరు కాబట్టి పేజీ నంబర్లు కలవవు, నా 176లోని ఆఖరి వాక్యం పట్టుకుని వెతకాలి. దొరికాక ఇంటికెళ్లి చదువుదామని ఫోటోలు తీసుకున్నా గానీ ఆగలేక అక్కడే బీరువాల మధ్య నిలబడి చదివేశాను. ఎవరో పాత పాఠకులు ఇందిర మాటల పక్కన పెన్సిల్‌తో గీత గీసి "అబ్బో" అని రాశారు. మెచ్చుకోలో వెటకారమో తెలియదు, కానీ కొత్త ఎడిషన్లో ఇలాంటివి రావు కదా.

ఇదే ఏడాది ఇంకో కొత్త నవలలో చివరి పేజీలు తెల్లగా వచ్చాయి. పేరు అనవసరం. పబ్లిషర్‌కి ఫోన్ చేయాలని కూడా అనిపించలేదు, ముగింపు నేనే ఊహించుకుని పక్కన పెట్టేశాను. రెండూ లోపం ఉన్న కాపీలే, ఒకదాని కోసం ఊరు దాటి వెళ్లాను, రెండోదాని కోసం వేలు కదపలేదు. ఇంతకంటే మార్కులేం వేస్తాం?

అలాగని శ్రీదేవిని మరీ ఆకాశానికెత్తను. నవలలో ఇంకో అమ్మాయి కల్యాణి, ఆమె కష్టాలు వచ్చినప్పుడల్లా నాకు చదువు నెమ్మదించింది, ఇందిర లేని చోట్ల పేజీలు లెక్కపెట్టిన మాట నిజం. ఆ పదహారు పేజీలు కూడా, నిజం చెప్పాలంటే, మామూలుగా చేతిలో ఉండి ఉంటే ఇంత గుర్తుండేవి కావేమో.

రెండో స్థానం శ్రీపాద సుబ్రహ్మణ్య శాస్త్రి 'అనుభవాలూ జ్ఞాపకాలూనూ'. సంస్కృతం తప్ప తెలుగు రాయడం చిన్నతనం అనుకునే ఇంట్లో పుట్టి తెలుగు కథకుడైన వైనం, ఆ గోదావరి మాట తీరు, పైకి చదివితేనే రుచి. అయితే పెద్ద పుస్తకం, బస్సులో కుదరదు, నేను దాన్ని ఇంకా నంజుకుంటూనే ఉన్నాను, పూర్తయ్యాక పైకి ఎక్కినా ఎక్కొచ్చు. కేశవరెడ్డి 'అతడు అడవిని జయించాడు' ఒక్క రాత్రిలో అయిపోయింది, పంది కోసం అడవిలోకి వెళ్లిన ఆ ముసలాయనతో పాటు నేనూ మేలుకున్నాను. దాన్ని మూడోది అనడానికి మనసొప్పట్లేదు గానీ ఎక్కడో పెట్టాలి కదా.

నేను విశాఖలో చదువుకున్నదాన్ని, ఒంటరిగా గది అద్దెకి తీసుకుని ఇరుగుపొరుగు ఆరాలకి జవాబులు చెప్పినదాన్ని. విశాఖలో తిరిగే ఆ ఇందిర నాకు దగ్గరైందంటే అందులో నా వాటా కూడా ఉంటుంది. మీకు కల్యాణే నచ్చొచ్చు. ఏ ఎడిషన్ కొన్నా సరే, డబ్బులిచ్చే ముందు స్టాల్లోనే పేజీ నంబర్లు ఒకసారి గబగబా తిప్పి చూసుకోండి, బిల్లుకి ఫోటో తీసిపెట్టుకోండి.