పత్రికల ఫొటోగ్రాఫర్‌ను పిలవాలా, ఫొటో మనమే పంపాలా?

జూన్ 14 ప్రపంచ రక్తదాతల దినం. ఆ రోజు ఏ జిల్లా కేంద్రంలోనైనా ఒకటికి నాలుగు రక్తదాన శిబిరాలు జరుగుతాయి. మర్నాడు జిల్లా పేజీలో ఒకటో రెండో శిబిరాలు ఫొటోతో వస్తాయి. మిగిలినవన్నీ ‘పలుచోట్ల రక్తదాన శిబిరాలు నిర్వహించారు’ అనే ఒక్క వాక్యంలో కలిసిపోతాయి. కొన్నేళ్లు ఒక పత్రిక జిల్లా డెస్క్‌లో, అంటే జిల్లా వార్తలు దిద్ది పేజీలో పెట్టే చోట, పనిచేసి, ఇప్పుడు ఒకటి రెండు స్వచ్ఛంద సంస్థలకు ప్రెస్‌నోట్లు రాసిపెడుతున్నాను కాబట్టి కార్యదర్శులు నన్ను తరచూ అడుగుతుంటారు: పత్రికల ఫొటోగ్రాఫర్లను పిలిస్తే మేలా, మనమే ఒకరిని పెట్టుకుని ఫొటోలు పంపితే మేలా? ఈ మధ్య మూడో మాటా కలిసింది, ‘మన కుర్రాళ్ల ఫోన్లున్నాయిగా, చాలవా?’ అని.

పత్రికా ఫొటోగ్రాఫర్ కన్ను వేరు, అందులో సందేహం లేదు. వేదిక మీద వరసగా కూర్చున్న పెద్దల జోలికి అతను పోడు. మొదటిసారి రక్తం ఇస్తూ సూది వైపు చూడలేక మొహం తిప్పుకున్న డిగ్రీ అమ్మాయిని, పక్కన నిలబడి ఆటపట్టిస్తున్న స్నేహితురాలిని పట్టుకుంటాడు. అతని ఫొటో నేరుగా డెస్క్‌కు వెళ్తుంది. మన వాడే తీశాడన్న నమ్మకంతో అక్కడివాళ్లు దానికి చోటు వెతుకుతారు. ఇదంతా జరగాలంటే అతను ముందు మీ దగ్గరికి రావాలి. జిల్లా కేంద్రంలో ఒక్కో పత్రికకు ఫొటోగ్రాఫర్లు ఎంతమందని? మంత్రి పర్యటన ఉంటే ఆ పూట మీ శిబిరం ఊసే ఉండదు. సోమవారం పొద్దున్నయితే కలెక్టరేట్లలో అర్జీల కార్యక్రమం, తెలంగాణలో ప్రజావాణి, ఆంధ్రలో పీజీఆర్‌ఎస్. కెమెరాలన్నీ అక్కడే. ఆదివారం అధికారిక కార్యక్రమాలు తక్కువ కనుక సోమవారం పేపర్లో చోటు దొరికే అవకాశం ఎక్కువ. ఇంత చిన్న సంగతి చూసుకోకుండా ముహూర్తాలు పెట్టే సంస్థలను చూస్తే నాకు ఆశ్చర్యం.

వచ్చినా అతను మీ దగ్గర ఉండేది పది పదిహేను నిమిషాలు. ఆహ్వానంలో ఉదయం 10 గంటలకు సభ అని ఉంటుంది, ముఖ్య అతిథి పదకొండున్నరకు దిగుతారు, ఫొటోగ్రాఫర్ పదిన్నరకే వెళ్లిపోయి ఉంటాడు. ఇందులో అతని తప్పేమీ లేదు. పిలవదలచుకుంటే సభకు కాదు, ఒక ఘట్టానికి పిలవండి: ‘10.30కి మొదటి దాత రక్తం ఇస్తారు, అతిథి పక్కనే ఉంటారు’ అని. ఆ మాట నిలబెట్టుకోండి. ఉపన్యాసాలు ఆ తర్వాత ఎంతసేపైనా చెప్పుకోవచ్చు.

మండలాల్లో ఈ చర్చే అక్కర్లేదు. అక్కడ ఫొటోగ్రాఫర్ అంటూ వేరే ఉండడు. వార్త రాసేదీ ఫొటో తీసేదీ కంట్రిబ్యూటర్ అనే స్థానిక విలేకరే, బతుకుతెరువుకు ఇంకో పని చేసుకునేదీ అతనే. రమ్మని పిలిస్తే చాలాసార్లు వచ్చే జవాబు, ‘అన్నా, ఒక ఫొటో, నాలుగు లైన్లు వాట్సాప్‌లో పెట్టండి’. అంటే ఫొటో మీ చేతిలోనే ఉంది.

సొంత ఫొటోగ్రాఫర్ సంగతి చూద్దాం. ఊళ్లో దొరికేది పెళ్లిళ్లు తీసేవారు. పనిమంతులే, కాకపోతే వాళ్ల పని వేరు. అందరినీ వరసగా నిలబెట్టి, ‘సార్, ఇటు చూడండి’ అని ఫ్లాష్ కొట్టడం వాళ్లకు అలవాటు. అదే ఫొటో డెస్క్‌కు వస్తే ఏమవుతుందో లెక్కేయండి. పెద్ద పేజీలో ఒక కాలమ్ వెడల్పు సుమారు నాలుగు సెంటీమీటర్లు. మీ వార్తకు రెండు కాలమ్‌ల ఫొటో ఇచ్చారనుకుంటే ఎనిమిది సెంటీమీటర్లు. అందులో పన్నెండు మంది నిలబడితే ఒక్కొక్కరికి దక్కేది ఏడు మిల్లీమీటర్లు కూడా కాదు. అధ్యక్షుల వారిని వాళ్లింట్లోవాళ్లు కూడా గుర్తుపట్టలేరు. ఫ్రేములో ముగ్గురు, మహా అయితే అయిదుగురు. దాత ముఖం, నర్సు చెయ్యి, అతిథి, అంతా దగ్గరగా. వెనక బ్యానర్ మొత్తం పట్టాలన్న పంతం వద్దు, సంస్థ పేరున్న ముక్క కనబడితే చాలు. ఇది ముందురోజే ఫొటోగ్రాఫర్‌కు కూర్చోబెట్టి చెప్పాలి. ఇంకోటి కూడా చెప్పాలి: ఆల్బం తర్వాత, ముందు అయిదు ఫొటోలు మధ్యాహ్నం రెండింటికల్లా నా చేతికి రావాలి అని. జిల్లా పేజీలు మెయిన్ పేజీల కంటే ముందే మూతపడతాయి. రాత్రి ఎనిమిదింటికి పంపిన అద్భుతమైన ఫొటో కంటే నాలుగింటికి చేరిన ఓ మాదిరి ఫొటోకే విలువ.

డబ్బు ఖర్చవుతుంది, నిజమే. దానికి తగ్గది ఒకటి దక్కుతుంది, దాన్ని చాలామంది లెక్కలోకి తీసుకోరు. 1957 కాపీరైట్ చట్టం ప్రకారం, డబ్బిచ్చి తీయించుకున్న ఫొటోపై వేరే ఒప్పందం లేకపోతే మొదటి హక్కు తీయించుకున్నవారిదే. వార్షిక నివేదికలో వేసుకోవచ్చు, వచ్చే ఏడాది కరపత్రంలో వేసుకోవచ్చు. పత్రిక ఫొటోగ్రాఫర్ తీసింది మీ కార్యక్రమమే అయినా ఆ ఫొటో మీది కాదు, సావనీర్‌లో వేయాలంటే పత్రికనో ఫొటోగ్రాఫర్‌నో అడగాల్సిందే. పేపరు కటింగ్ స్కాన్ చేసి అట్ట మీద వేసేసే అలవాటు మన దగ్గర అందరికీ ఉంది. అందరికీ ఉన్నంత మాత్రాన అది సరైనదైపోదు.

ఫోన్ సంగతి త్వరగా తేల్చేయొచ్చు. పగటి వెలుతురులో, దగ్గరికి వెళ్లి తీస్తే ఇప్పటి ఫోన్ పేపరుకు సరిపోతుంది. హాలు చివర నిలబడి జూమ్ చేస్తే పనికిరాదు. మామూలుగా వాట్సాప్ చేస్తే ఫొటో కుదించుకుపోతుంది కాబట్టి డాక్యుమెంట్‌గా పంపండి. అసలు చిక్కు నాణ్యతతో కాదు. కార్యకర్తలు తలా ముప్పై ఫొటోలు గ్రూపులో పోసేస్తారు, ఏరుకునే పని విలేకరి మీద పడుతుంది. సాయంత్రం అయిదింటికి అతనికి అంత తీరికెక్కడిది? ఏరేపని ఒక్కరికి అప్పగించండి. రెండు అడ్డం, ఒకటి నిలువు, అంతే.

నన్ను ఒక్కటే ఎంచుకోమంటే, చిన్న ఊళ్లో చిన్న సంస్థకు సొంత ఫొటోగ్రాఫరే మేలంటాను. విజయవాడ, హైదరాబాద్ వంటి నగరాల్లో, కళ్లకు కనిపించే ఘట్టం ఏదైనా ఉన్నప్పుడు, పత్రికలవాళ్లను పిలవడం వృథా కాదు. ఆ రోజు కూడా మన ఫొటోగ్రాఫర్‌ను మాన్పించకూడదు, పిలిచినవాళ్లు రాకపోతే చేతిలో ఏదో ఒకటి ఉండాలిగా. ఉపన్యాసాలు తప్ప ఏమీ లేని సభకైతే కెమెరాలను పిలవకండి, వార్త పంపితే చాలు. వచ్చిన ఫొటోగ్రాఫర్‌కు డబ్బు పెట్టి కవరు ఇవ్వాలా అని కొందరు గొంతు తగ్గించి అడుగుతారు. వద్దు. భోజనం వేళయితే అందరితోపాటు భోజనం పెట్టండి.

ఎవరు తీసినా ఫొటో కింద రాత మాత్రం మీ పనే. ఎడమ నుంచి కుడికి పేర్లు, హోదాలు, ఊరు, తేదీ, ఎంతమంది దాతలు. ఇంటిపేర్లు తప్పు పడితే మర్నాడు ఫోన్లు మీకే వస్తాయి. ఆ రాతను లెటర్‌హెడ్ మీద టైపు చేసి ఫొటో తీసి పంపితే డెస్క్‌లో మళ్లీ మొదటి నుంచి టైపు చేసుకోవాలి, కాబట్టి మెసేజ్‌లోనే యూనికోడ్‌లో, అంటే ఫోన్‌లో టైపు చేసే మామూలు తెలుగు అక్షరాల్లో, పెట్టండి. ఒకే ఫొటో అన్ని పత్రికలకూ పంపకండి. పక్క పేపర్లో అదే బొమ్మ చూస్తే డెస్క్‌లో ఎవరికైనా మనసు చివుక్కుమంటుంది, తర్వాతిసారి మీ ఫొటోను పక్కన పెట్టేస్తారు.

అనాథాశ్రమంలో పండ్ల పంపిణీ వంటి వాటికి ఈ పోలికంతా పనికిరాదు. సంరక్షణ అవసరమైన పిల్లల గుర్తింపు బయటపెట్టే ఫొటో ప్రచురించడాన్ని 2015 బాలల న్యాయ చట్టం 74వ సెక్షన్ నిషేధించింది. ఆరు నెలల దాకా జైలు, రెండు లక్షల దాకా జరిమానా, లేదంటే రెండూ. పత్రిక వేసింది కదా, మాకేం సంబంధమని తప్పించుకోవాలని చూడటం మంచిది కాదు, పంపింది మనమే. అలాంటి చోటికి ఎవరినీ పిలవకండి. మీ ఫొటోగ్రాఫర్ వెళ్లినా పిల్లల వీపులు, వడ్డించే చేతులు, నిండిన బుట్టలు తీయించండి. పిల్లల ముఖాలు వద్దు.