చేయి ఎక్కడ ఆగాలి: హైదరాబాదులో నాలుగు రోజులు

మాదాపూర్‌లో మేము వెళ్లిన మొదటి చోట నన్ను ఎవరూ ఏమీ అడగలేదు. మెడ నొప్పి గురించి గానీ, వాడుతున్న మందుల గురించి గానీ, ఎవరి చేతి కింద పడుకోవడం నాకు ఇష్టమో గానీ తెలుసుకోవాలన్న ఆలోచనే వారికి లేదు. కౌంటరులో ఒక కార్డు ఇచ్చారు. తాంత్రిక మసాజ్, 90 నిమిషాలు, 6,500 రూపాయలు. చక్రాలను, అంటే ఒంట్లో ఉంటాయనే శక్తి కేంద్రాలను, మేల్కొల్పుతుందని కింద రాసి ఉంది. గదిలో బుద్ధుడి బొమ్మ, ఘాటైన అగరుబత్తి వాసన, ఫోనులోంచి వచ్చే ఓంకారం. మర్దన చేసిన అమ్మాయి చేతులు మంచివే. కానీ మధ్యలో రెండుసార్లు ఆమె ఫోను మోగింది, ఒకసారి తలుపు తీసి ఎవరితోనో మాట్లాడి వచ్చింది. నలభై నిమిషాల తర్వాత "ఇప్పుడు అనాహత చక్రం" అని వీపు నడుమ ఒక్కసారిగా గట్టిగా నొక్కింది. ఒళ్లు ఉలిక్కిపడింది. "ఆపమ్మా" అన్నాను. పాపం, బెదిరిపోయింది. రెండు రోజుల శిక్షణలో తనకు ఇలాగే నేర్పారని చెప్పింది. తప్పు ఆమెది కాదు. శ్వాస గురించి ఒక్క మాట నేర్పకుండా చక్రాల పేర్లు మాత్రం బట్టీ పట్టించిన వారిది.

ఇంత దూరం ఎందుకు వచ్చానో చెప్పాలి. మా అమ్మ మూడేళ్లు మంచాన ఉంది. ఒళ్లు తుడవడం, పక్కకు తిప్పడం, కాళ్లకు నూనె రాయడం అన్నీ నేనే చూసుకున్నాను. ఆమె వెళ్లిపోయాక నా చేతులకు పని లేకుండా పోయింది. అది ఊహించిందే. ఊహించనిది ఏమిటంటే, ఇంకొకరి చేయి నా మీద పడితే ఒళ్లంతా బిగుసుకుపోవడం. మా వారు భుజం మీద చేయి వేసినా అంతే. ఇరవై రెండేళ్ల కాపురం తర్వాత ఆయన "ముట్టుకోవచ్చా?" అన్నట్టు చూడడం నాకు బాధగా ఉండేది. తాంత్రిక మర్దన ఎరుకతో కూడిన స్పర్శ అని, ధ్యానంలో ఒక భాగమని ఎక్కడో చదివి, ఇద్దరం సెలవు పెట్టి కాకినాడలో గౌతమి ఎక్స్‌ప్రెస్ ఎక్కాం.

బస విషయంలో మొదట తప్పు చేశాం. అమీర్‌పేటలో రెండు మెట్రో లైన్లు కలుస్తాయి కాబట్టి అక్కడే లాడ్జి తీసుకున్నాం. రాత్రి ఒంటిగంట దాకా వీధి సద్దు తగ్గలేదు, నిద్ర పట్టలేదు. మర్నాడు సికింద్రాబాద్ వైపు వెస్ట్ మారేడ్‌పల్లిలో, చెట్ల మధ్య పాత ఇంటిని గదులుగా మార్చిన చోటికి మారాం. రోజుకు 1,900 రూపాయలు, పొద్దున ఇడ్లీ, కాఫీ కూడా అందులోనే. ఇలాంటి పని మీద వచ్చేవారికి నిశ్శబ్దంగా ఉండే గది చికిత్సలో సగం. నాగోలు నుంచి రాయదుర్గం వెళ్లే నీలం లైనులో మాదాపూర్, సికింద్రాబాద్ తూర్పు, తార్నాక మూడూ ఉన్నాయి. మా తిరుగుడంతా దాదాపు దాని మీదే సాగింది.

మారేడ్‌పల్లిలోనే కేరళ పద్ధతిలో నడిచే ఒక చిన్న ఆయుర్వేద కేంద్రానికి వెళ్లాం. అక్కడ తంత్రం అన్న మాటే వినిపించలేదు. వైద్యురాలు పావుగంట సేపు ప్రశ్నలు అడిగారు. నిన్న రాత్రి తిన్నది అరిగిందా అని కూడా అడిగారు. అజీర్ణం ఉన్నవారికి, కఫంతో బాధపడేవారికి అభ్యంగం, అంటే ఒంటికి నూనె మర్దన, కూడదని అష్టాంగహృదయం అనే ఆయుర్వేద గ్రంథంలో వాగ్భటుడు చెప్పాడు. రోజూ చేసుకోవాలని, ముఖ్యంగా తలకు, చెవులకు, పాదాలకు చేయాలని చెప్పినదీ ఆయనే. ఆడవారికి ఆడవారు, మగవారికి మగవారు మర్దన చేస్తారు. చెక్క ద్రోణి మీద, అంటే నూనె మర్దనకు వాడే బల్ల మీద, పడుకున్నాక అటు ఒకరు, ఇటు ఒకరు నిలబడి గోరువెచ్చని నూనెతో ఒకే లయలో చేతులు కదిపారు. మొదలుపెట్టే ముందు పెద్దామె నా పాదాల మీద అరచేతులు ఉంచి కాసేపు కదలకుండా నిలబడింది. "మీ ఊపిరి కుదుటపడనీయండమ్మా" అంది. గంటకు 1,800 రూపాయలు. ఆమె పద్ధతికి పేరేమీ పెట్టలేదు కానీ, మాదాపూర్ కార్డు మీద రాసినది నాకు దొరికింది ఇక్కడే.

ఇక పేరు సంగతి. తాంత్రిక మసాజ్ అని ఈ రోజు ప్రపంచమంతటా పిలుస్తున్న పద్ధతి ఇరవయ్యో శతాబ్దం చివరి దశకాల్లో అమెరికా, జర్మనీ వంటి దేశాల్లో రూపుదిద్దుకుంది. మన తంత్ర గ్రంథాల్లోంచి కొన్ని మాటలు, యోగంలోంచి శ్వాస, పాశ్చాత్య శరీర చికిత్సల్లోంచి కొన్ని పద్ధతులు కలిపి అల్లినది. కొత్తది కావడం దోషమేమీ కాదు. వేల ఏళ్ల రహస్యమని అమ్మడం మాత్రం తప్పు. ఆ పేరు చాటున వేరే వ్యాపారం నడిపే చోట్లూ ఉన్నాయి. ఫోనులోనే మాట దాటవేస్తున్నా, ఎవరు చేస్తారో, ఒంటి మీద ఏ బట్ట ఉంటుందో సూటిగా చెప్పకపోయినా అక్కడికి వెళ్లకండి.

తార్నాకలో మేము కలిసిన గురువు ఒకప్పుడు ఫిజియోథెరపిస్టు. వారానికి రెండు రోజులు ఇంటి మేడ మీద దంపతులకు, రోగులను చూసుకునేవారికి స్పర్శ నేర్పుతారు. అందరూ పూర్తిగా బట్టలతోనే ఉంటారు. మొదటి గంటలో ఒకరినొకరు తాకనివ్వలేదు. శ్వాస గమనించమన్నారు, అంతే. విజ్ఞానభైరవం అనే తంత్ర గ్రంథంలో శివుడు పార్వతికి చెప్పిన 112 ధారణల్లో, అంటే మనసు నిలిపే పద్ధతుల్లో, మొదటిది శ్వాసదేనని, పైకి వెళ్లే ప్రాణం, లోపలికి దిగే ఊపిరి మలుపు తిరిగే చోట మనసు నిలపమన్నదని చెప్పారు. తర్వాత మా వారిని నా వెనక కూర్చోబెట్టి, "ఆమె ఊపిరి వదిలినప్పుడే మీ చేయి కదలాలి, పీల్చేటప్పుడు ఆగాలి" అన్నారు. అంత నెమ్మదిగా ఎందుకో కూడా వివరించారు. మన చర్మంలో మృదువైన స్పర్శకు మాత్రమే బాగా స్పందించే నాడీ తంతువులు ఉన్నాయి. సెకనుకు 1 నుంచి 10 సెంటీమీటర్ల వేగంతో, గోరువెచ్చని చేయి కదిలితేనే అవి చక్కగా పలుకుతాయి. హడావుడిగా రుద్దితే వాటికి అందదు.

అప్పుడు ఆవిడ అడిగిన ప్రశ్న నన్ను కదిలించింది. "మీరు లలితా సహస్రనామం చదువుతారా?" ఇరవై ఏళ్లుగా చదువుతున్నానన్నాను. "మరి న్యాసం ఎలా చేస్తారు?"

జవాబు చెప్పలేకపోయాను. హృదయాయ నమః అని గుండె మీద, శిరసే స్వాహా అని తల మీద, కవచాయ హుం అని రెండు భుజాల మీద చేయి వేయడం నాకు అలవాటే. అలవాటు కాబట్టే అర నిమిషంలో ముగించి నామాల్లోకి వెళ్లిపోయేదాన్ని. న్యాసం అంటే ఉంచడం. మంత్రాన్ని ఒంటిలో ఒక్కొక్క చోట చేత్తో ఉంచి, ఆ చోటు దేవతదని ఒప్పుకోవడం. నిజమైన తాంత్రిక స్పర్శ ఏదైనా ఉంటే అదే. అమ్మ ఒళ్లు తుడిచిన మూడేళ్లూ నేను భయంతో, తొందరతో తాకాను. గుండె మీద చేయి ఉంచి అక్కడే ఆగమన్నారు. కన్నీళ్లు ఆగలేదు. మా వారి అరచేయి నా వీపు మీదే ఉంది, కదలలేదు. ఈసారి నా ఒళ్లు బిగుసుకోలేదు. రెండు గంటలకు ఇద్దరికీ కలిపి 2,400 రూపాయలు తీసుకున్నారు.

మూడో రోజు కారు మాట్లాడుకుని కన్హా శాంతి వనం అనే ధ్యాన కేంద్రానికి వెళ్లాం. శంషాబాద్ దాటి ఇంకా లోపలికి వెళ్లాలి. లక్ష మంది కూర్చోగల ధ్యాన మందిరం 2020లో తెరిచారు. హృదయంలో వెలుగు ఉందన్న భావనతో కూర్చోవడమే అక్కడి ధ్యానం, రుసుము లేదు. చోటు ప్రశాంతంగా ఉంది. కానీ అంత పెద్ద మందిరంలో నాకు నేను చిన్నబోయినట్టు అనిపించింది. నాకు ధమ్మఖేత్త ఎక్కువ నచ్చుతుంది. నాగార్జునసాగర్ రోడ్డులో 1976లో మొదలైన విపశ్యన కేంద్రం అది. రెండేళ్ల క్రితం, అమ్మను పది రోజులు మా చెల్లెలు చూసుకుంటే అక్కడ శిబిరం చేశాను. మూడు రోజులు శ్వాస, నాలుగో రోజు నుంచి తల మొదలు పాదాల దాకా ఒంటిలో కలిగే ప్రతి సంవేదననూ చూడడం. మాటలు, స్పర్శ రెండూ నిషేధం. ద్రోణి మీద నూనె ధార ఎక్కడ పడుతోందో వెంట వెళ్లి చూడగలిగానంటే ఆ అభ్యాసమే కారణం. పది రోజులు తీరిక ఉన్నవారు మర్దనకు ముందు అక్కడికి వెళ్లండి.

నాలుగో రోజు మళ్లీ మారేడ్‌పల్లిలోనే అభ్యంగం చేయించుకుని, సాయంత్రం దాకా నిద్రపోయి, రాత్రి సికింద్రాబాద్‌లో బండి ఎక్కాం. తార్నాక గురువు మూడు నెలల తర్వాత రమ్మన్నారు. మధ్యలో రోజూ పది నిమిషాలు, చెరి ఐదు నిమిషాల చొప్పున, ఒకరి వీపు మీద ఒకరు చేయి ఉంచి కూర్చోమన్నారు. ఏడింటికి టీవీ కట్టేసి చేస్తున్నాం. పొద్దున పారాయణకు ఇప్పుడు ఎనిమిది నిమిషాలు ఎక్కువ పడుతోంది. కాలేజీ బస్సు తప్పకుండా ఉండేందుకు అలారం ఐదుంపావుకు మార్చుకున్నాను.